ఆయన పేరున పడిన డబ్బు

మార్చి 28, 2016

శివరాత్రి వెళ్ళాక వస్తుందన్నారు. ఇప్పుడు మార్చి ముగింపు దాటనీ అంటున్నారు.

బొబ్బిలిలో ఆడపిల్లల హాస్టల్ భవనానికి లోపలా బయటా గోడల ప్లాస్టరింగ్ అంతా మావాళ్ళే చేశారు. పైన రంగులు కూడా వేసేశారు. పిల్లలు చేరిపోయారు. మా డబ్బు మాత్రం రాలేదు. అసలు కాంట్రాక్టరు ఆనంద్‌కుమార్ మా ఆయనకి ఇస్తే, మా ఆయన కూలీలకి ఇస్తారు. ఆ కూలీలు ఎక్కడివాళ్ళో అయినా బాగుండేది. అందరూ మా పుట్టింటి ఊరివాళ్ళే. వాళ్ళ మేస్త్రీ నా తమ్ముడు కొండబాబు.

సిమెంటు కొట్టువాళ్ళు ఇచ్చిన ఈ డైరీలో ఇన్నాళ్ళూ జాకెట్ల కొలతలు రాసుకున్నాను. ఇకనుంచి ఇవి కూడా రాస్తాను. ఆయనతో అంటే కసురుకుంటున్నారు. తమ్ముడితో అంటే ఆయన పరువు పోతుంది.

మా అమ్మాయి సింధూరి పదో తరగతి పరీక్షలు బాగానే రాస్తోంది. దానికి ఏమీ తెలియదు.

ఏప్రిల్ 8

ఉగాది. కొండబాబు పొద్దున్నే వచ్చాడు. పచ్చడి తిన్నాడు గానీ కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే అడిగాడు.

“బావ ఇంటికాడ నేడా?”

“విశాఖపట్నం ఎల్లార్రా, ఆనంద్‌కుమార్ గారింటికి.”

“పండగ పూటా?”

“పండగ పూటయితే ఇంటికాడ దొరుకుతాడని.”

“అప్పా, నాను నిన్ను అడగకూడదు. కానీ కూలోళ్ళు నన్ను అడుగుతన్నారు. జగ్గమ్మ కోడలికి నెలలు నిండిపోనాయి. రేపో మాపో ఆస్పత్రికి తీసుకెల్లాల. ఏటి సెప్పమంటావు?”

“రాగానే ముందు ఆళ్ళకే ఇస్తారు. బావ సంగతి నీకు తెల్దేటి?”

“తెలుసు” అన్నాడు. ఆ మాట అనడానికి కాస్త ఆలస్యం చేశాడు.

సాయంత్రం ఆయన ఉత్త చేతులతో వచ్చారు. ఆనంద్‌కుమార్ ఊళ్ళో లేడట.

నాకు ఆయన మీద అనుమానం ఏమీ లేదు. ఈ వాక్యం ఎందుకు రాశానో నాకే తెలియడం లేదు.

ఏప్రిల్ 22

సిమెంటు కొట్టు నరసింగరావు గారు ఒక మాట చెప్పారు. కాంట్రాక్టరు ఇచ్చే ప్రతి బిల్లులోనూ పన్ను కింద నూటికి రూపాయి కోసుకుని ప్రభుత్వానికి కడతాడట. మనకి ఆదాయం తక్కువుంటే అర్జీ పెట్టుకున్నప్పుడు అది వెనక్కి వస్తుందట. మేం రెండేళ్ళలో ఆనంద్‌కుమార్ దగ్గర చేసిన పని తొమ్మిది లక్షల దాకా ఉంటుంది. అంటే తొమ్మిది వేలు. సింధూరి కాలేజీలో చేరడానికి అక్కరకొస్తుంది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

“వొద్దు” అన్నారు.

“మన డబ్బే కదండీ.”

“దాని జోలికి ఎల్లకు అనూ. ఆ కాయితాలన్నీ ఆనంద్‌కుమార్ ఆఫీసువోళ్ళు సూసుకుంటారు.”

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. అన్నం సగంలో చెయ్యి కడుక్కున్నారు. చిన్న మొత్తం కదా, విసుగొచ్చి ఉంటుంది.

మే 3

ఆయన మళ్ళీ విశాఖపట్నం వెళ్ళారు. బీరువాలోంచి ఆయన పాన్ కార్డు తీసుకుని కొండబాబు బండి మీద విజయనగరం వెళ్ళాను. డబ్బు చేతికి వచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను.

పన్నుల కాగితాలు చూసే భరణి అనే కుర్రాడి ఆఫీసు కోట దగ్గర, మేడమీద. నరసింగరావు గారి పేరు చెప్పగానే కూర్చోబెట్టాడు. కార్డు నంబరు కొట్టాడు. నా ఫోనుకి ఏదో అంకె వస్తే అడిగి అదీ కొట్టాడు. కాసేపు చూసి నవ్వాడు.

“మంచి వార్తేనండి. మీకు తొంభై రెండు వేల దాకా వెనక్కి రావొచ్చు.”

“తొమ్మిది వేలండీ” అన్నాను.

“తొమ్మిది కాదమ్మా. తొంభై రెండు.”

అబద్ధం ఎందుకు రాయడం, ఆ క్షణాన నాకు ప్రాణం లేచొచ్చింది. సింధూరి ఫీజు, జగ్గమ్మకి ఇవ్వాల్సింది, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. పక్కన కూర్చున్న కొండబాబు మాత్రం నవ్వలేదు.

“నూటికి రూపాయే కదా కోసేది?” అన్నాడు. “అయితే బావకి ఎంతిచ్చినట్టు?”

భరణి తెర మావైపు తిప్పాడు. “తొంభై రెండు లక్షలు. రెండేళ్ళలో. ఇచ్చింది ఆనంద్‌కుమార్ గారి కంపెనీయే.”

భరణి మా ఇద్దరి మొహాలూ చూశాడు. అతని నవ్వు పోయింది. “మీకు తెలీదా అండీ?” అన్నాడు. తరవాత మెల్లగా, “ఇంత పడి లెక్క చూపించకపోతే నోటీసు వస్తుంది. వాపసు సంగతి అటుంచండి, ముందు దానికి జవాబు కావాలి” అన్నాడు.

మేం ఉండే గజపతినగరం కూడలిలో కొండబాబు బండి ఆపి వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

“బావని నాను ఏటీ అనను అప్పా. నువ్వే అడుగు.”

“ఊళ్ళో ఎవరికీ సెప్పకురా.”

బండి మళ్ళీ ముందుకు పోనిచ్చాడు. సరే అనలేదు.

కార్డు బీరువాలో ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేశాను.

మే 4

ఈరోజు అడగలేదు. సింధూరి ఇంట్లోనే ఉంది.

మే 5

అడగలేదు. ఆయనకి తలనొప్పి.

మే 7

ఆయన మామిడిపళ్ళు తెచ్చారు. డబ్బు ఎక్కడిదని అడగలేదు. తియ్యగా ఉన్నాయి. నేను కూడా తిన్నాను.

మే 8

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా జేబులు వెతికాను. బస్సు టికెట్టు, మడత పెట్టిన పొగాకు కాగితం. ఇంకేమీ లేనందుకు సంతోషించాను. ఏం దొరుకుతుందని వెతికానో.

రెండిళ్ళున్నవాళ్ళ కథలు విన్నాను. పేకాట కథలు విన్నాను. ఆయన అలాంటి మనిషి కాదు. నాకు అనుమానం లేదు. భయం ఉంది. రెండూ ఒకటి కాదు.

మే 10

సింధూరి పాసయింది. మంచి మార్కులు. ఈ పూట ఎలా అడుగుతాను?

మే 11

అడిగేశాను. ఆయన గడ్డం గీసుకుంటున్నారు. సగం చెంపకి నురగ ఉంది.

“మీ పేరున తొంభై రెండు లచ్చలు పడ్డాయంట. ఎక్కడున్నాయి?”

అద్దంలోంచి నన్ను చూశారు. బ్లేడు కింద పెట్టి పీట మీద కూర్చుండిపోయారు.

“ఎంత?” అన్నారు.

మళ్ళీ చెప్పాను.

“అంతా?” అన్నారు. “అంత తోస్తాడనుకోనేదు.”

అప్పుడు బయటపడింది. రెండేళ్ళ క్రితం పని ఇచ్చేటప్పుడు ఆనంద్‌కుమార్ ఈయన పేరున విజయనగరంలో ఒక బ్యాంకు ఖాతా తెరిపించాడట. చెక్కు పుస్తకం మొత్తం ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకుని తనే ఉంచుకున్నాడట. తన పన్ను తగ్గడానికి, చేయించని పనికి కూడా ఈయనకి డబ్బు ఇచ్చినట్టు చూపించుకుంటాడు. ఖాతాలో వేస్తాడు. సంతకాలు ఉన్నాయి కాబట్టి తీసేసుకుంటాడు. ఈయనకి పని దొరుకుతుంది.

“అందరూ పెడతారే. పెట్టకపోతే పనివ్వడు. ఏవో రెండు మూడు లచ్చలు తిప్పుకుంటాడనుకున్నాను.”

“నాతో ఒక మాట అంటే?”

“అంటే వొద్దందువు. వొద్దంటే పని ఉండదు.”

నురగ చెంప మీదే ఎండిపోయింది. నేను నమ్మాను. నమ్మాననే అనుకుంటున్నాను. నాకు తెలిసిన మనిషి నాకు తెలియకుండా ఒక పుస్తకం నిండా సంతకాలు పెట్టి వచ్చి, ఆ పూట మామూలుగా అన్నం తిన్నాడు. ఆ రోజు ఏం కూర చేశానో కూడా గుర్తులేదు.

మే 19

వచ్చారు.

కిటికీ పక్కన మిషను కుడుతుంటే వీధిలో ట్రాక్టరు ఆగింది. మొదట జగ్గమ్మ దిగింది. వెనక మిగిలినవాళ్ళు. కొండబాబు కూడా వచ్చాడు గానీ వీధి అవతలే నిలబడిపోయాడు. వాళ్ళని చూసి చిన్నప్పటి నుంచి నేనెప్పుడూ భయపడలేదు. ఈరోజు లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుందామనిపించింది.

“పిల్లా, మీ ఆయన్ని పిలు” అంది జగ్గమ్మ.

ఆయన వచ్చి అరుగు మీద నిలబడ్డారు.

“బావూ, మనవడు పుట్టేడు. పెద్దాపరేషను సేసారు. పుస్తెలు తాకట్టెట్టి నా కోడల్ని ఇంటికి తెచ్చుకున్నాను. నీ పేరున లచ్చలు పడ్డాయంట. మా కూలెందుకు పడనేదు?”

“ఆ డబ్బు నాకు రానేదు జగ్గమ్మా.”

“పేరు నీది కాదా?”

“నాదే.”

“మరి?”

జరిగింది చెబితే ఎవరు నమ్ముతారు? నేనే ఎనిమిది రోజులు అడక్కుండా తిరిగి, జేబులు వెతికాను.

ఎవరూ తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. పెరట్లో ఉన్న పరంజా కర్రలు, డ్రమ్ములు, సిమెంటు కలిపే యంత్రం ట్రాక్టరులో వేసుకున్నారు. ఆయనే ఒక చెయ్యి వేసి యంత్రం ఎక్కించారు. చూడలేకపోయాను. వీధి దాటి తమ్ముడి దగ్గరికి వెళ్ళాను.

“నువ్వే సెప్పావు కదా?”

“సెప్పాను” అన్నాడు. “దాసితే నాను కూడా తిన్నానంటారు. అప్పా, నువ్వు సెప్పు. బావ తిననేదని నీకు తెలుసా, అనుకుంటన్నావా?”

తెలుసు అన్నాను. నేను కూడా కాస్త ఆలస్యం చేశాను.

జూన్ 1

రిజిస్టర్డ్ పోస్టు. ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి. ఇరవయ్యో తారీకున విజయనగరం వచ్చి లెక్క చెప్పాలట. ఆయన దాన్ని చదవలేదు. దేవుడి పటం వెనక పెట్టారు.

జూన్ 4

ఆనంద్‌కుమార్ ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. తెల్లకారు వీధి చివరే ఆపి నడిచి వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట.

“చెల్లెమ్మా, కాసిని మంచినీళ్ళు.”

తాగి, గ్లాసు తనే జాగ్రత్తగా కింద పెట్టి, సంచిలోంచి కాగితం తీశాడు. తొంభై రెండు లక్షలూ అందాయి, అంతా కూలీలకీ సామానుకీ ఖర్చయింది అని రాసి ఉంది.

“దీని మీద సంతకం పెడితే కూలీల బాకీ మొత్తం రేపే ఇస్తాను. లెక్కలు మా ఆడిటరు చూసుకుంటాడు. పెట్టకపోతే నేను చెయ్యగలిగింది లేదు. నోటీసు మీ ఆయన మోహనకృష్ణ పేరున వచ్చింది గానీ నా పేరున రాలేదు కదా.”

ఆయన నావైపు చూడలేదు. కలం అందుకున్నారు. నాకు జగ్గమ్మ మొహం కనపడింది. పెట్టేస్తే అందరి డబ్బూ వచ్చేస్తుంది. పెట్టేస్తే ఆ లక్షలన్నీ జన్మంతా ఈయనవే.

“పాప ఏ కాలేజీలో చేరుతోంది?” అని అడిగాడు ఆనంద్‌కుమార్, సింధూరి ఉన్న గది వైపు చూస్తూ. మామూలుగానే అడిగాడు.

“ఈరోజు అమాస అండీ” అన్నాను. “మా ఇంట్లో అమాస పూట సంతకాలు పెట్టరు.”

మా ఇంట్లో అలాంటి ఆచారం ఎప్పుడూ లేదు. ఆయన నన్ను వింతగా చూశారు. ఆనంద్‌కుమార్ గోడ మీద క్యాలెండరు చూసి తలాడించాడు.

“నేనూ పెట్టను చెల్లెమ్మా. సోమవారం మనిషిని పంపిస్తాను.”

అతను వెళ్ళాక గ్లాసు కడగడానికి చెయ్యి రాలేదు. అలాగే ఉంది.

జూన్ 6

సోమవారం. అతని మనిషి వచ్చేలోపే తలుపుకి తాళం వేసి ముగ్గురం విజయనగరం బస్సెక్కేశాం. సింధూరిని భరణి ఆఫీసులో కూర్చోబెట్టి బ్యాంకుకి వెళ్ళాం. ఖాతా ఆయనదే కాబట్టి అడగ్గానే లెక్క తీసి ఇచ్చారు. పడిన రోజే డబ్బు తీసేశారు, ప్రతిసారీ. చెక్కుల వెనక తీసుకున్న మనిషి సంతకం ఉంటుందని కౌంటరులో ఆవిడ చెప్పింది. అర్జీ పెడితే మూడు చెక్కులకి నకళ్ళు ఇచ్చారు. అన్నిటి వెనకా గంగులు అనే పేరు.

“ఆనంద్‌కుమార్ డ్రైవరు” అన్నారు ఆయన.

భరణి అవి చూసి, “ఇవి పట్టుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఖాళీ చెక్కులిచ్చిన తప్పు మీ మీద ఉంటుంది. అది తప్పదు. కానీ కూలీలకి కూడా డబ్బు అందలేదని ఎవరైనా చెబితే బలం” అన్నాడు.

అంటే వాళ్ళ ఆకలే మాకు సాక్ష్యం. ఇది ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

జూన్ 12

అడగక్కర్లేకపోయింది. కొండబాబు వచ్చి చెప్పాడు. నిన్న ఆనంద్‌కుమార్ మనుషులు మా పుట్టింటి ఊరు వెళ్ళి అందరికీ కూలి డబ్బు పంచేశారట. ఒక్కొక్కరి దగ్గరా కాగితం మీద వేలిముద్ర తీసుకున్నారట.

“సదివాను అప్పా. వారం వారం బావ సేతి మీదుగా కూలి అందుకున్నాం అని రాసున్నాది.”

“అందరూ ఏసారా?”

“ఏసారు. ఏటి సేత్తారు?”

“నువ్వు?”

“నాను తీసుకోనేదు. మీ మరదలు నాతో మాటాడ్డం మానీసింది.”

అన్నం పెట్టాను. తిన్నాడు. బావ ఎదురుగా కూర్చుని తిన్నాడు.

వాళ్ళకి డబ్బు అందినందుకు సంతోషపడాలి. జగ్గమ్మ పుస్తెలు విడిపించుకుని ఉంటుంది. సంతోషపడ్డాను.

జూన్ 14

తెల్లవారి లేచేసరికి ఆయన లేరు. ఫోను మంచం మీదే ఉంది. చెప్పులు లేవు. పెరడు, కొట్టు, కూడలి, ఎక్కడా లేరు. నా కాళ్ళు వాటంతట అవే చంపావతి నది వంతెన వైపు నడిచాయి. దారిలో ఎవరో పలకరించారు, ఎవరో తెలియదు.

వంతెన ఇవతల రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు, చంకలో బ్యాంకు కాగితాల కవరుతో.

“ఇక్కడేటి సేస్తన్నారు?” అన్నాను.

“ఆ ఆఫీసుకి ముందే ఓసారి ఎల్లి సెప్పేద్దామనుకున్నాను అనూ. కూడల్లో అయితే ఎవరైనా ఎక్కడికని అడుగుతారని ఇక్కడికొచ్చాను. బస్సులు వొస్తన్నాయి, ఎల్లిపోతన్నాయి. ఎక్కలేకపోతన్నాను. జైల్లో ఏస్తారేటే?”

తెలియదు అన్నాను. చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాను. పెళ్ళయ్యాక వీధిలో ఆయన చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు.

జూన్ 19

ఆదివారం మధ్యాహ్నం. కిటికీలోంచి చూస్తే జగ్గమ్మ, ఒక్కతే. ఇంకేం తీసుకెళ్ళడానికి వచ్చిందో అనుకున్నాను. ఇంట్లో మిషను తప్ప ఏమీ లేదు.

అరుగు మీద కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంది.

“రేపు మీ ఆయన ఎల్తన్నాడంట కదా పిల్లా. ఆ ఆపీసు ఎక్కడ? ఏ బస్సెక్కాల?”

“నీకెందుకు జగ్గమ్మా?”

“నానూ వొస్తాను.”

“నువ్వు డబ్బు తీసుకున్నావు. వేలిముద్ర ఏసావు.”

“డబ్బు నాది. తీసుకోకెందుకుంటాను? వేలిముద్ర కూడా ఏసాను. అందులో ఏటి రాసున్నాదో ఆళ్ళు సదివి ఇనిపించనేదు. మీ తమ్ముడు సదివి సెప్పాడు. వారం వారం ఇచ్చారంట. వారం వారం ఇస్తే నా పుస్తెలు ఎందుకు తాకట్టెట్టాను? అదే అడుగుతాను ఆ ఆపీసరుని.”

“ఆనంద్‌కుమార్ ఇంక పని ఇవ్వడు.”

“ఇవ్వడు. నాకూ భయంగానే ఉన్నాది” అంది. “మంచినీళ్ళియ్యి.”

జూన్ 21

మా పుట్టింట్లో కూర్చుని రాస్తున్నాను.

నిన్న నలుగురం వెళ్ళాం. సింధూరిని రెండు రోజులకని నరసింగరావు గారింట్లో దించాం. ఆఫీసరు కేకలేస్తాడనుకున్నాను. అతను చిన్నవాడు, జలుబు చేసి ఉన్నాడు. మా ఆయన చెప్పిందంతా రాయించుకున్నాడు. చెక్కుల నకళ్ళు తీసుకున్నాడు. ప్రతి సంతకం చూపించి, “ఇది మీదేనా?” అని అడిగాడు. ప్రతిదానికీ ఈయన “నాదే” అన్నారు. కొండబాబు చెప్పాడు. జగ్గమ్మ తాకట్టు చీటీ బల్ల మీద పెట్టి తను అడగదలుచుకున్నది అడిగింది. అవన్నీ కూడా రాయించుకున్నాడు.

ఆనంద్‌కుమార్‌ని పిలుస్తాం అన్నాడు. మీ మీద కూడా చర్య ఉండొచ్చు, మళ్ళీ రావాలి అన్నాడు. ఏం చర్యో చెప్పలేదు. అంతే.

తిరిగి వచ్చే బస్సులో ఆయన కొండబాబు పక్కన కూర్చున్నారు. ఊరు దాటకముందే తల తమ్ముడి భుజం మీదకి వాలిపోయింది. నోరు తెరుచుకుని నిద్రపోయారు. ఎన్నాళ్ళయిందో ఆయన అలా నిద్రపోయి. నేను వెనక సీట్లో జగ్గమ్మ పక్కన కూర్చుని అద్దంలోంచి రోడ్డు చూస్తూనే ఉన్నాను. మా బస్సు వెనక తెల్లకారు ఒకటి చాలాసేపు వచ్చింది. తరవాత ఎటో తిరిగిపోయింది. ఎవరిదో.

గజపతినగరం వచ్చింది. లేపడానికి లేచాను. కొండబాబు కదలకుండా చెయ్యి మాత్రం ఎత్తి నన్ను ఆపాడు.

“పడుకోనీ అప్పా. మా ఊరు దాకా ఎల్లిపోదాం. రేపు దింపుతాను.”

“మీ ఆవిడ?”

“ఏదో ఒకటి అంటాది. పడతాను.”

కండక్టరు బెల్లు కొట్టాడు. మా స్టాపు దాటిపోయింది.